ఒక సంచి ఎడమకి

గురిమామకి ఆ పేరు పెట్టింది అమ్మా నాన్నా కాదు, పార్సిల్ ఆఫీసులోని సార్టింగు హాలు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు. హాల్లో ఒక పొడవాటి బల్ల, దానికి ఐదంగల దూరంలో ఇనప చట్రం, ఆ చట్రానికి మూడు వరసల్లో నోళ్ళు తెరుచుకుని వేలాడే నలభై రెండు గోనె సంచులు. ఒక్కో సంచి ఒక్కో ఊరిది. బల్ల మీద గుమ్మరించిన చిన్న ప్యాకెట్లలోంచి ఒకటి తీసి, చిరునామా చూసి, ఆ ఊరి సంచిలో వెయ్యాలి. కొత్తగా చేరినవాళ్ళు నడిచి వెళ్ళి వేసి వస్తారు. చెయ్యి తిరిగినవాళ్ళు రెండంగలు ముందుకేసి విసురుతారు. గురిమామ బల్ల దగ్గర్నుంచి కదలడు. పక్కవాడికి కోడలి మీద ఫిర్యాదులు చెబుతూనే నలభై రెండు ఊళ్ళకీ పంచేస్తాడు. తుమ్ముతూ కూడా వేశాడని హాల్లో చెప్పుకుంటారు గానీ అది అబద్ధం. తుమ్మిన తర్వాతే వేశాడు.

ఏదైనా ప్యాకెట్టు ఒక ఊరికి బదులు ఇంకో ఊరు చేరితే, అక్కడివాళ్ళు దానికొక పసుపుపచ్చ చీటీ అంటించి వెనక్కి పంపుతారు; చాలామంది మాత్రం ఆ శ్రమ పడకుండా తామే సరైన ఊరికి తోసేస్తారు. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో గురిమామ పేరు మీద వచ్చిన చీటీలు తొమ్మిది. ఈ మూడు వారాల్లో పదిహేడు వచ్చాయి.

సూపర్‌వైజరు వాటిని తన అద్దాల గదిలో బల్ల మీద పేకముక్కల్లా పరిచి, గురిమామని పిలిపించాడు. అతను ఒకప్పుడు గురిమామ పక్కన నిలబడి విసరడం నేర్చుకున్నవాడే. అందుకే కుర్చీలో కూర్చుని మాట్లాడలేక లేచి నిలబడ్డాడు.

"మామా, ఇందులో ఒకటి మందుల ప్యాకెట్టు. ఆ మనిషి నాలుగు రోజులు మందు లేకుండా ఉన్నాడు."

గురిమామ చీటీల వంకే చూస్తున్నాడు. "అన్నీ పక్క ఊరికే పోయాయి."

"ఎక్కడికి పోతేనేం."

"అట్లా కాదు. అన్నీ ఎడమ పక్క సంచిలోకే పోయాయి. ఒక్కటి కూడా కుడికి పోలేదు, ఒక్కటి కూడా కింద పడలేదు. చూడు."

"మామా, మీరు చీటీల అందం చూడకండి." సూపర్‌వైజరు గొంతు తగ్గించాడు. "సంచుల గదిలో కుర్చీ వేయిస్తాను. కూర్చుని మూతులు కట్టి సీలు వేస్తే చాలు. చల్లటి గది. మిగిలిన రెండేళ్ళ సర్వీసు నిమిషంలో గడిచిపోతుంది."

సంచుల గది అంటే హాలు వెనక ఉండే కిటికీ లేని గది. మోకాళ్ళు అరిగినవాళ్ళనీ చెవులు వినబడనివాళ్ళనీ అక్కడ కూర్చోబెడతారు. లోపలికి వెళ్ళినవాడు మళ్ళీ బల్ల దగ్గరికి రావడం ఎవరూ చూడలేదు.

"నా చెయ్యి పోయిందని నువ్వే తేల్చేశావా?"

"శుక్రవారం మధ్యాహ్నం తేలుద్దాం. తీసుకునేవాళ్ళు దొరక్క మిగిలిపోయిన పాత ప్యాకెట్లు నూరు తెప్పిస్తాను. తొంభై ఐదు సరైన సంచిలో పడితే బల్ల మీది. పడకపోతే కుర్చీ మీది. నేను రిజిస్టర్లో రాసుకున్నాను, ఇక నా చేతుల్లో లేదు."

రిజిస్టర్లో రాస్తే ఇక తన చేతుల్లో లేదనడం అతనికి అలవాటు, రాసింది తన చేత్తోనే అయినా.

మర్నాడు పొద్దున గురిమామ తన చేతిని తానే దొంగని కాసినట్టు కాపలా కాశాడు. మొదటి ప్యాకెట్టు విసిరాడు. అది ఎడమ పక్క సంచిలో పడింది. వెళ్ళి తీసి సరైన సంచిలో వేసి వచ్చాడు. రెండోదీ అంతే. ఐదోది రెండు సంచుల మధ్య ఇనప కమ్మికి తగిలింది. పదిహేనోది కమ్మి ఇవతల పడింది. పాతికోది వచ్చేసరికి సంచి నడిబొడ్డున దిగింది. ఆపైన సాయంత్రం దాకా ఒక్కటీ తప్పలేదు. చీటీలన్నీ పొద్దుటి మొదటి విడతవే అన్నమాట. పడ్డచోటు కళ్ళు చూస్తున్నా మనసు కబుర్ల మీదే ఉంటుంది గనక ఇన్నాళ్ళూ తెలియలేదు.

'చెయ్యి ముసలిదైంది. నిద్ర లేచి తెమలడానికి అరగంట పడుతోంది,' అనుకున్నాడు.

అంతవరకే అయితే సరిపెట్టుకునేవాడు. ఇంట్లో ఇంకో వింత మొదలైంది. ఇంటికి రాగానే గుమ్మంలోంచే తువ్వాలు దండెం మీదికి విసరడం ఆయన అలవాటు. ఈమధ్య అది దండెం కట్టిన మేకు దాటి, కుడివైపు నీళ్ళ బిందె మీద పడుతోంది. పొద్దున ఎడమకి, సాయంత్రం కుడికి.

"ఏమయ్యా, మేకు కదిలిందా, నువ్వు కదిలావా?" అంది ఆయన భార్య, తడిసిన తువ్వాలు పిండుతూ.

ఆయన నవ్వలేదు. అప్పుడామె కూడా పిండడం ఆపింది. ఆయన అన్నకి పక్షవాతం వచ్చేముందు నెలరోజులపాటు గ్లాసులో పోసుకునే నీళ్ళు పక్కన పోయేవి. అదెవరూ పట్టించుకోలేదు. ఇద్దరికీ అదే గుర్తొచ్చింది.

"రేపు నరాల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం," అందామె.

"శుక్రవారం పరీక్ష ఉంది, తర్వాత..."

"నేను నిన్ను అడగలేదు. చెప్పాను."

డాక్టరమ్మది చిన్న గది. ఒక మంచం, ఒక బల్ల, మూలన ఒక చెత్తబుట్ట. ఆమె గురిమామని తిన్నగా గీత మీద నడిపించింది, కళ్ళు మూయించి నిలబెట్టింది. తన వేలు ముందు పెట్టి, "మీ వేలితో మీ ముక్కు ముట్టుకుని, మళ్ళీ నా వేలు ముట్టుకోండి, గబగబా," అంది. ఆయన పాతికసార్లు ముట్టుకున్నాడు. ఒక్కసారీ తడబడలేదు.

"ఇంత పెద్ద ముక్కుని ఎవరు మాత్రం తప్పుతారు లెండి," అంది భార్య పక్కనుంచి. చిన్నప్పుడు చట్రం లాంటిదేదో తగిలి ఆ ముక్కు దూలం ఎడమకి వంగి ఉంటుంది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మీకేమీ లేదనిపిస్తోంది. అయినా పొద్దున ఎడమకి, సాయంత్రం కుడికి అంటున్నారు. ఇదేదో బాగుంది."

"బాగుండడమేంటమ్మా?"

"ఊరికే తప్పడం వేరు, లెక్క ప్రకారం తప్పడం వేరు." ఆమె దూది ఉండలు చేసి నీళ్ళలో ముంచి పిండి, చెత్తబుట్ట చూపించింది. "వెయ్యండి."

ఆరు వేస్తే ఆరూ బుట్టలో పడ్డాయి. ఆమె ముఖం కాస్త చిన్నబోయింది.

"ఆఫీసులో కూడా ఇలాగే ఉంటారా? ఇదే చొక్కా, ఇదే కళ్ళజోడు?"

"కళ్ళజోడు వేరు. మూడు వారాల కింద చేయించిన కొత్తది ముక్కుని పీకుతుంది. చిరునామాలు చదవాలి గనక పనిలో ఉన్నంతసేపూ అదే పెట్టుకుంటాను. సైకిలు మీదా, ఇంట్లోనూ పాతదే." జేబులోంచి కొత్తది తీశాడు. "కానీ దీని తప్పేం లేదు. అక్షరాలు చీమల్లా కాదు, చీమ కాళ్ళతో సహా కనబడతాయి. దీనివల్లే అయితే రోజంతా తప్పాలి కదా? పాతిక వేశాక సర్దుకుంటోందాయె."

"పెట్టుకుని వెయ్యండి."

మొదటి ఉండ బుట్టకి ఎడమవైపు గోడకి అతుక్కుంది. రెండోది దాని పక్కనే. డాక్టరమ్మ లేచి నిలబడింది. పద్దెనిమిదోది బుట్టలో పడింది. ఇంకో పాతిక వేయించింది, అన్నీ పడ్డాయి. "ఇప్పుడు పాతది పెట్టుకోండి," అంది. ఈసారి ఉండ బుట్టకి కుడివైపు తలుపు మీద పడింది. డాక్టరమ్మ చిన్నపిల్లలా అరచేతులు రుద్దుకుంది. దూది తీయించడానికి మనిషిని కూడా పిలవలేదు.

"ఇక్కడ చూడండి," అని తన మెడ పైభాగం, జడ మొదలయ్యే చోట తట్టింది. "ఇక్కడ చిన్నమెదడు ఉంటుంది. మీరు విసరాలనుకోగానే పెద్ద మెదడు చేతికి ఉత్తర్వు పంపుతుంది. ఆ ఉత్తర్వు నకలొకటి దీనికి వస్తుంది. నకలు చూసి, వస్తువు ఎక్కడ పడాలో ఇది ముందే లెక్క వేసుకుంటుంది. తర్వాత నిజంగా ఎక్కడ పడిందో కళ్ళు కబురు చేస్తాయి. రెండూ కలవలేదనుకోండి, తర్వాతి ఉత్తర్వుని కాస్త దిద్దుతుంది. మళ్ళీ కలవకపోతే ఇంకాస్త. మిమ్మల్ని అడగదు, మీకు చెప్పదు."

"మా ఆఫీసులో నకళ్ళు సరిచూసే గుమాస్తా లాగా," అన్నాడు గురిమామ.

"అంతే. కాకపోతే సెలవు పెట్టడు."

"మరి ఆ గుమాస్తాకి జబ్బు చేస్తే?"

"జబ్బు చేస్తే ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, ఒకటి మీ కాళ్ళ మీద పడతాయి. నూరు వేసినా నేర్చుకోడు. మీవాడు పద్దెనిమిది ఉండల్లో నేర్చుకున్నాడు. జోడు మార్చగానే మళ్ళీ కుడికి పోయిందంటే, అంత బాగా నేర్చుకున్నాడన్నమాట. మీ గుమాస్తా బంగారం. అతనికి ఎవరో తప్పుడు కబురు ఇస్తున్నారు. ఆ కళ్ళజోడు చేసినవాళ్ళకి చూపించండి."

బయటికి వచ్చాక భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుని, వెంటనే, "పద, జోడు దాని ముందు పడేద్దాం," అంది. ఆ కళ్ళజోడు చేసింది గురిమామ అక్క కూతురు. కళ్ళజోళ్ళ దుకాణంలో, వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని దానిది. మామయ్యకని స్వయంగా కొలతలు తీసి, మూడు రోజులు కూర్చుని చేసింది.

"వద్దు. దానికి చెబితే ఏడుస్తుంది," అన్నాడు గురిమామ. "ఉపాయం ఉంది. ఎడమకి పోతుందని తెలిశాక ఇంకేముంది? ఒక సంచి కుడికి గురిపెడితే సరి."

ఆ సాయంత్రం స్నానం చేసేటప్పుడు మెడ పైభాగాన్ని కాస్త మర్యాదగా రుద్దుకున్నాడు.

గురువారం పొద్దున ఉపాయం అద్భుతంగా పనిచేసింది, నాలుగు ప్యాకెట్ల దాకా. కావలసిన సంచికి కుడివైపు సంచిని చూసి విసిరితే, ప్యాకెట్టు వెళ్ళి కావలసిన దాన్లోనే పడింది. గురిమామ మీసం దువ్వుకున్నాడు. పదోది కమ్మికి తగిలింది. పద్దెనిమిదోది ఏకంగా కుడివైపు సంచిలో పడింది. ఎడమకి పోతోందని ఇటు గురిపెడితే, ఇప్పుడు ఇటే పోతోంది. ఆయన బల్ల మీద చెయ్యి ఆనించి ఆలోచించాడు. తను చేసిన సర్దుబాటు గుమాస్తాకి చెప్పలేదు. చెప్పే దారి కూడా లేదు. తను కుడి సంచిని చూసి విసిరితే అది ఎడమ సంచిలో పడింది. గుమాస్తా లెక్కలో అదీ తప్పే. పాపం తన పని తను దిద్దుకుంటూ పోయాడు. ఒకే కూరలో ఇద్దరు ఉప్పు వేసినట్టయింది.

గుమాస్తా తన మాట వినడు, వాడికి లంచం ఇవ్వడమూ కుదరదు. ఇక కబురు మార్చాల్సిందే. మధ్యాహ్నం సెలవు చీటీ రాసిచ్చి దుకాణానికి వెళ్ళాడు.

మేనకోడలు అంతా విని, జోడు తీసుకుని యంత్రం కింద పెట్టింది. అద్దం నడిమి బిందువు ఎక్కడుందో చూపించే యంత్రం అది. రెండు అద్దాల మీదా సిరాతో రెండు చుక్కలు పెట్టింది. ఆ జోడు ఆయన ముఖానికి తగిలించి, ఎదురుగా కూర్చుని చూసింది. చాలాసేపు చూసింది.

"మామయ్యా, నీ కుడి కన్ను ఏది?"

"అదేం ప్రశ్నే? నీకు మతిపోయిందా?"

"చూపించు."

ఆయన చూపించాడు. ఆమె తన ఎడమ చెయ్యి ఎత్తి, ఆ కంటి వైపు చాపింది. చెయ్యి తిన్నగా వెళ్ళి ఆ కంటి ముందు ఆగింది. ఆమె నెత్తి కొట్టుకుంది.

"నీకు ఎదురుగా కూర్చుని కొలిచాను. నీ కుడి నాకు ఎడమ. తారుమారుగా రాసుకున్నాను."

"కళ్ళు రెండూ ఒకటే కదే. తారుమారైతే ఏమైంది?"

"వేరేవాళ్ళకైతే ఏమీ కాదు. రెండు కళ్ళ మధ్య దూరం కొలిచి సగం చేస్తాం. నీ ముక్కు దూలం ఎడమకి వంగింది కదా, నీకు అలా చేస్తే సరిగా ఉండదని, మామయ్యవి కదా అని, ముక్కు నుంచి ఒక్కో కంటికి విడిగా కొలిచాను. కుడి దూరం ముప్పై ఐదు మిల్లీమీటర్లు, ఎడమ ఇరవై తొమ్మిది. దాన్ని దీనికీ దీన్ని దానికీ బిగించాను. రెండు అద్దాల నడుములూ బియ్యపు గింజంత ఎడమకి జరిగాయి. నీది మందపాటి అద్దం, జరిగితే లోకాన్నే జరుపుతుంది. రెండూ ఒకే వైపు జరిగాయి గనక నీకు రెండు బొమ్మలు కనబడలేదు, తలనొప్పీ రాలేదు. అంతా కలిసి ఎడమకి పోయింది." ఆమె కళ్ళు తుడుచుకుంది. "శ్రద్ధ పెట్టకుండా ఉంటే సగం తప్పే అయ్యేది."

గురిమామకి కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. "బియ్యపు గింజ అక్కడ, జానెడు ఇక్కడ. ఏడవకే. ఏడిస్తే మళ్ళీ కొలత తప్పుతావు."

"రేపు మధ్యాహ్నానికి అలాంటి ఫ్రేములోనే కొత్త అద్దాలు బిగించి తెస్తాను. కానీ మామయ్యా, పరీక్షకి మాత్రం అది పెట్టుకోకు. పొద్దుటి నుంచి ఈ తప్పు జోడుతో పనిచేసి ఉంటావు, చెయ్యి దీనికి కుదిరిపోయి ఉంటుంది. దీంతోనే నూరూ వేసెయ్యి. పాసై, తర్వాత మార్చుకో."

మాట బాగానే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం మేనకోడలు సరైన జోడు తెచ్చి చేతిలో పెట్టి, హాలు తలుపు దగ్గర నిలబడేదాకా గురిమామ కూడా అలాగే చేద్దామనుకున్నాడు. పొద్దున మొదటి పాతికా విసిరి, పక్క సంచిలో పడ్డవాటిని నడిచి వెళ్ళి తీసి సరైన దాన్లో వేశాడు. ఇప్పుడు చెయ్యి కుదురుగా ఉంది. పని ఆగిపోయింది, అందరూ గోడవారన చేరారు. సూపర్‌వైజరు రిజిస్టరు తెరిచాడు.

యాభై వేశాడు. యాభై పడ్డాయి. ఎవరో ఈల వేశారు.

ఇంకో నలభై ఐదు పడితే బల్ల తనది. కానీ ఆ పదిహేడు చీటీలు అద్దాల గదిలో అలాగే ఉంటాయి. వాటి మీద తన చెయ్యి పోతోందన్న మాట అలాగే ఉంటుంది. రేపు ఎవరి చేతిలోంచి ఏది జారినా ఆ మాట లేచి కూర్చుంటుంది. అదొకటి. ఇంకొకటి, నిజం చెప్పాలంటే, ఆయనకి చూడాలని ఉంది. డాక్టరు గదిలో దూదితో జరిగింది, ఇక్కడ గోనె సంచుల ముందు జరుగుతుందా?

ముఖం మీది జోడు తీసి బల్ల మీద పెట్టాడు. సరైన జోడు పెట్టుకున్నాడు. తలుపు దగ్గర మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అందరూ వినండి. ఆ జోడు తప్పుది, ఇది మంచిది. మంచిది పెట్టుకున్నాను గనక ఇప్పుడు వేసే ప్యాకెట్టు కుడి పక్క సంచిలో పడుతుంది. దాని తర్వాతిదీ అంతే. పాతిక ముప్పై వేసేలోపు వాటంతటవే సరైన దాన్లోకి వస్తాయి. అట్లా జరక్కపోతే సంచుల గదికి నేనే నడిచి వెళ్తాను."

"మామా, నూరంటే నూరే. తప్పినవన్నీ లెక్కలోకే వస్తాయి," అన్నాడు సూపర్‌వైజరు.

"రాసుకో."

జీవితంలో మొదటిసారి గురిమామ తప్పాలని కోరుకుంటూ విసిరాడు. అయినా గురి మాత్రం సంచి నడిమికే పెట్టాడు. ప్యాకెట్టు కుడి పక్క సంచిలో పడింది. హాలంతా గుసగుస. రెండోది కుడి. మూడోది కుడి. ఏడోది కమ్మికి తగిలి కుడికి. పద్నాలుగోది కమ్మికి తగిలి లోపలికి. ఇరవై రెండోది నడిమికి దిగింది. ఆ తర్వాత మూడు వరసగా దిగాయి.

సూపర్‌వైజరు పెన్నుకి మూత పెట్టాడు. "బాగుంది. కానీ కావాలని పక్కకి వేశారేమో, నాకెట్లా తెలుస్తుంది? మీ చెయ్యి మీ మాట వింటుంది."

గురిమామ తన తల వెనక గుమాస్తాని బయటికి తీసి సాక్ష్యం చెప్పించలేడు. అప్పుడు గురిమామ అతని ముఖం వంక చూశాడు. సూపర్‌వైజరుది కూడా సోడాబుడ్డి కళ్ళజోడే, మందం ఇంచుమించు తనదే.

"నా చెయ్యి నా మాట వింటుంది సరే. నీ చెయ్యి నా మాట వినదుగా?" బల్ల మీది తప్పు జోడు తీసి చాపాడు. "ఇది పెట్టుకుని వెయ్యి. విసరడం నేర్పింది నేనే, మర్చిపోయి ఉండవు."

నలుగురి ముందు కాదనలేక సూపర్‌వైజరు పెట్టుకున్నాడు. సంచుల్లో పడ్డవి కొన్ని వెనక్కి తీయించి, ఒకటి తీసుకుని, పాత అలవాటుగా మోచెయ్యి ఒంటికి ఆనించి విసిరాడు. అది కమ్మికి టంగుమని తగిలి ఎడమ సంచిలో పడింది. రెండోదీ కమ్మికే.

"మీ ముక్కు తిన్నగా ఉంది సార్, మీకు సగం తప్పే వస్తుంది," అంది మేనకోడలు తలుపు దగ్గర్నుంచి, ఉండబట్టలేక.

హాలు గొల్లుమంది. సూపర్‌వైజరు నవ్వలేదు. మూడోది వేశాడు, నాలుగోది వేశాడు, చొక్కా చేతులు పైకి మడిచాడు. పదహారోది నడిమికి పడింది. ఇంకో పది పడ్డాయి. అప్పుడు ఎవరూ చెప్పకుండానే ఆ జోడు తీసి, తనది తను పెట్టుకుని, బహు జాగ్రత్తగా గురి చూసి విసిరాడు.

ప్యాకెట్టు కమ్మికి తగిలి కుడికి పోయింది.

అతను తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరో పరాయివాడిది తెచ్చి తగిలించినట్టు. "నేను సరిగ్గానే వేశాను మామా."

"నువ్వు సరిగ్గానే వేశావు. వాడింకా పాత కబురు మీదే ఉన్నాడు."

"ఎవడు?"

గురిమామ అతని మెడ వెనక వేలితో తట్టాడు. డాక్టరమ్మ చెప్పిందంతా హాలుకి విప్పి చెప్పాడు, గుమాస్తా సంగతీ, నకళ్ళ సంగతీ. మేనకోడలు ముందుకొచ్చి తప్పు తనదేనని, దుకాణం కాగితం మీద రాసిస్తానని అంది. సూపర్‌వైజరు రిజిస్టరు తెరిచి, సంచుల గది అని రాసిన పంక్తి మీద అడ్డంగా రెండు గీతలు కొట్టాడు. దాని కింద 'చెయ్యి బాగుంది, కళ్ళజోడు తప్పు' అని రాసి సంతకం పెట్టాడు. ఇక అది తన చేతుల్లో లేదని ఈసారి అనలేదు.

నూరులో ఇంకా పాతిక మిగిలాయి. గురిమామ మంచి జోడు సర్దుకుని, మిగిలినవి కూడా వేసెయ్యడం మొదలుపెట్టాడు. ఒకటి తర్వాత ఒకటి సంచుల నడిమికి దిగుతున్నాయి. వాటిని లెక్కపెట్టాల్సిన సూపర్‌వైజరు బల్ల రెండో చివరకి జరిగి, గుప్పెడు ప్యాకెట్లు పక్కన పెట్టుకుని, తప్పు జోడు పెట్టడం, తన జోడు పెట్టడం, విసరడం, వంగి ఎక్కడ పడిందో చూడడం, ఆ పనిలో మునిగిపోయాడు.

"ఇది ఎడమకి పోవాలి," అన్నాడు తనలో తనే. పోయింది.

"ఇంకో పది ఇటు తొయ్యండి మామా."

గురిమామ తొయ్యలేదు. తన వాటా తను వేసుకుంటున్నాడు.